కోతి దినాలు

మా ఊళ్లో కోతి చస్తే ఎంత మర్యాదగా సాగనంపుతారో నిరుడు చలికాలంలో కళ్లారా చూశాను. బతికున్న కోతికి ఏ మర్యాద జరుగుతుందో అంతకుముందే తెలుసు. గూట్లో కోతుల్ని కొట్టే గులేరు, అందులో పెట్టే నాలుగు గులకరాళ్లు లేని ఇల్లు మా ఊళ్లో ఒక్కటీ లేదు. ఆ గూటి పైనే ఆంజనేయస్వామి పటం ఉంటుంది.

అవి సర్పంచ్ ఎన్నికల రోజులు. నా కొడుకు హరికృష్ణ ఉంగరం గుర్తు మీద నిలబడ్డాడు. ఎదుటివాడు మధు, కత్తెర గుర్తు. నాకు అక్షరాలు ముసలితనం దగ్గరపడ్డాక వచ్చాయి కాబట్టి చేతికి దొరికిన ప్రతి కాయితం చివరిదాకా చదువుతాను. ఇద్దరి కరపత్రాలూ చదివాను. పైన ఫొటోలు వేరు గాని మొదటి హామీ ఒకటే: కోతుల బెడద లేని గ్రామం. కోతులకు ఓట్లు ఉండుంటే ఆ వాక్యం ఎట్లా మారేదో చెప్పడానికి పెద్ద చదువు అక్కర్లేదు.

పెసరు తీసిన రెండెకరాల్లో మేం మక్క వేశాం. అప్పుడే కంకులు పాలుపట్టాయి. అడవిపందులు రాత్రి వస్తాయి, కోతులు పగలు వస్తాయి. ప్రతి ఏడూ నేను గాని, కోడలు పద్మలత గాని, ఒక కూలిమనిషి గాని రేకు డబ్బా కొట్టుకుంటూ కావలి ఉండేవాళ్లం. ఆ ఏడు కూలిమనుషులంతా పొద్దున్నే మెడలో ఏదో ఒక కండువా వేసుకుని జెండాల వెనక నడిచారు. కోడలు ఇల్లిల్లూ తిరిగి బొట్టుపెట్టి ఓటడిగింది. నా మోకాళ్లు అప్పటికే పని మానేశాయి.

ఒక పొద్దున సద్ది పట్టుకుని నేను చేనుకు పోయేసరికి హరికృష్ణ గట్టు మీద గొంతుక్కూర్చుని ఉన్నాడు. ముందర యూరియా సంచి. సంచి మూతి నుంచి ఒక చిన్న చెయ్యి బయటికి వేలాడుతోంది. పసిపిల్ల చెయ్యి అనుకున్నాను. దగ్గరికి పోయి వేళ్లు చూసినాక కోతిపిల్ల అని తెలిసింది. తెలిసి హమ్మయ్య అనుకున్నాను. ఆ హమ్మయ్యకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

చేను చుట్టూ కర్రలు పాతి, మోకాలెత్తున సన్నటి ఇనుప తీగ కట్టి ఉంది. తీగ కొస బోరు మోటరు స్టార్టర్ డబ్బాలోకి పోయింది.

“ఇదెప్పుడు కట్టినవ్‌రా?”

“మొన్న. పందులకని కట్టిన. పొద్దుగాల బంద్ చేసుడు మర్సిన.”

“మర్సినవా, చెయ్యలేదా?”

వాడు నా మొఖం చూడలేదు. “అవ్వా, జర మెల్లగ మాట్లాడు. గట్టు మీద మనుషులు తిరుగుతాన్రు.”

తుమ్మచెట్టు మీద తల్లికోతి కూర్చుని ఉంది. అరవడం లేదు. కొమ్మ పట్టుకుని సంచినే చూస్తోంది. మిగతా మంద దూరంగా, పక్క చేను దాటి, బండరాయి మీద గుంపుగా ఉంది. ఒక్కటీ మా మక్క దిక్కు అడుగు వెయ్యడం లేదు.

“ఇగ తీగ తీసెయ్యి,” అన్నాను.

“తీస్తే కావలెవరుంటరు? నువ్వుంటవా? పదమూడు రోజులు ఓపిక పట్టు. ఓట్లయినంక నేనే తీస్త.”

“పక్క చేను సమ్మమ్మ రోజూ ఈ గట్టు మీద్నే గడ్డి కోస్తది గదరా. దానికేం తెలుసు?”

“మందు కొట్టినం, గడ్డి తింటె బర్రె సస్తది, ఈ దిక్కు రాకని చెప్త. ఫికర్ చెయ్యకు.”

“నిజం చెప్పరాదూ?”

“చెప్తే కేసయితది. కేసయితే నామినేషనేమైతది? నీ కొడుకు సర్పంచ్ అవుడు నీకిష్టం లేదా?”

ఇష్టమే. ఆ మాట దాచి లాభం లేదు. వాళ్ల నాయన ఊళ్లో ఎవరి ముందూ తల ఎత్తకుండా బతికి పోయాడు. కొడుకు కుర్చీలో కూర్చుంటే చూడాలని నాకు ఉంది. అందుకే సద్ది గిన్నె అక్కడే పెట్టి తిరిగి వచ్చాను.

వాడు స్టార్టర్ డబ్బాకు తాళం వేశాడు. సంచిని బండి మీద ముందర పెట్టుకుని పోయి, పిల్లను ఊరి మొదట్లో కరెంటు స్తంభం కింద పడుకోబెట్టాడు. ఆ తర్వాత వాడే చూసినట్టు, వాడే కేక వేశాడు.

గంటలో ఊరు ఊరంతా అక్కడుంది. రోజూ వాటిని రాళ్లతో కొట్టే ఆడవాళ్లు చెంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఎవరో పసుపు తెచ్చారు, ఎవరో కుంకుమ తెచ్చారు. కోతిపిల్లకు స్నానం చేయించి, కాషాయం గుడ్డ చుట్టి, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టారు. తల నిలబడకపోతే గుడ్డతో కుర్చీకి కట్టారు. డప్పులు వచ్చాయి. మధ్యాహ్నానికి పరకాల నుంచి ఫ్లెక్సీ కూడా వచ్చింది: “మా ఊరి హనుమయ్యకు అశ్రునివాళి. మీ హరికృష్ణ, ఉంగరం గుర్తు.” అందులో నా కొడుకు ఫొటో నిలువెత్తు, చేతులు జోడించి ఉంది. కోతి ఫొటో మూలన, ఉంగరం బొమ్మ కంటే చిన్నది. అది మా కోతి ఫొటో కూడా కాదు. ఫోన్లో దొరికిన ఏదో కోతిది.

పాడె దగ్గర పంచాయితీ వచ్చింది. ముందర పట్టేది ఇద్దరే. హరికృష్ణ ఒక కొస పట్టుకున్నాడు. మధు వచ్చి రెండో కొస అందుకోబోయాడు.

“నువ్వు వెనక పట్టు,” అన్నాడు హరికృష్ణ.

“ఎందుకు వెనక? నీకు చుట్టమా?”

“ముందు చూసింది నేను.”

“చూసినోడే మొయ్యాల్నా? హనుమంతుడు అందరి దేవుడు. ఫొటోల నేను పడొద్దని నీ ఏడుపు.”

చివరికి ఇద్దరూ ముందర పట్టారు. ఎవరి భుజం ఎత్తుగా కనబడాలనే తొందరలో పాడె వంకరపోయి, పిల్ల రెండుసార్లు జారబోయింది. తల్లికోతి ఇళ్ల కప్పుల మీదుగా, గోడల మీదుగా మా వెంబడే వచ్చింది. సందు మలుపులో మరీ దగ్గరికి వస్తే ఎవరో దాన్ని గులేరుతో కొట్టారు. కొట్టినవాడి రెండో చేతిలో అగరుబత్తీలున్నాయి.

గుంత దగ్గర వెంకట్రాజం మైకు పట్టుకున్నాడు. ఆయన కాజీపేటలో రైల్వే నౌకరీ చేసి, రిటైరయి ఊరికి వచ్చాడు. ఎక్కడ మైకు కనబడితే అక్కడ రెండు ముక్కలు చెప్పనిది దించడు. ఆ రోజూ చెప్పాడు.

“ఎనభై నాలుగు లక్షల జీవరాసులల్ల మనిషి జన్మ గొప్పది. ఎందుకు గొప్పది? పులికి బలమున్నది, ఏనుగుకు బలమున్నది. కాని పాపమేందో పుణ్యమేందో తెలిసింది మనిషి ఒక్కనికే. అందుకే ఇయ్యాల ఒక మూగజీవికి మనం ఇంత మర్యాద చేస్తానం.”

నా కొడుకు తల వంచుకుని కన్నీళ్లు తుడుచుకున్నాడు. నిజంగానే ఏడ్చాడు. అది నటన అయితే నాకు అంత భయం వేసేది కాదు.

తెలుసు. మాకు పాపం తెలుసు. తెలిసే సంచిలో కట్టాం, తెలిసే స్తంభం కింద పెట్టాం. తెలియని జీవి ఒక్కటైనా అట్లాంటి పని చేస్తుందా? పులి తిన్నదాన్ని వేరే చెట్టు కింద పెట్టి ఏడవదు.

ఆ రాత్రి కోడలితో అన్నాను. “పద్మలతా, నువ్వన్నా చెప్పు వానికి. తీగ తియ్యమను. ఎవలన్నా సస్తరు.”

“అత్తమ్మా, ఓట్ల ముంగట ఇసొంటి పాడు మాటలు వద్దు,” అంది పద్మలత. “మందు కొట్టినమని సమ్మమ్మకు నేనే చెప్పిన. రానన్నది.”

సమ్మమ్మ ఎందుకు రాదు? ఆమెకు ఒక బర్రె, దాని కింద దూడ. ఊళ్లో పచ్చగడ్డి మిగిలింది మా గట్టు మీదే. మందు వాసన రాకపోతే ఆమె రెండో రోజే వస్తుంది. అందుకని మర్నాటి నుంచి మోకాళ్లకు గుడ్డ చుట్టుకుని నేనే చేనుకు పోయి కూర్చున్నాను. మక్కకు కావలి కాదు. తీగకు కావలి.

కూర్చుని చూడటం తప్ప పని లేదు కాబట్టి కోతుల్ని చూశాను. ఒక్క చావు చాలింది వాటికి. పాలకంకుల వాసన గాలికి వస్తున్నా మంద మొత్తం తుమ్మచెట్టు అవతలే ఆగిపోయేది. తల్లికోతి మాత్రం పొద్దున వచ్చి చెట్టెక్కేది. పిల్లకోతి ఏదైనా ఆటలో పడి ఇటు వస్తే చాలు, గొంతు చించుకుని అరిచేది. అది తన పిల్ల కాదు, తనకు పిల్లే లేదు. ఎవరి పిల్ల వచ్చినా అరిచేది. నేను మాత్రం చెట్టు కింద నా కొడుకు గుట్టు కాస్తూ కూర్చున్నాను.

ఆరో రోజు పొద్దున నాకు ఆలస్యమైంది. నేను పెద్ద కాలువ దాటుతుండగా సమ్మమ్మ కనబడింది. నెత్తి మీద ఖాళీ గంప, చేతిలో కొడవలి. గట్టు ఎక్కేసింది. తీగకు ఆమెకు పది అడుగులు కూడా లేవు. నేను పిలుద్దామని నోరు తెరిచాను. అప్పుడే చెట్టు మీది కోతి అరిచింది. ఎంత అరుపంటే సమ్మమ్మ ఆగి తల ఎత్తింది.

“నీ పాడు గాను! నా మీద్నే పండ్లు కొరుకుతానవా?” అని వంగి మట్టిపెళ్ల తీసుకుంది. దాని మీదికి విసిరింది. మళ్లీ వంగింది. ఆ రెండు పెళ్లల ఆలస్యంలో నేను పోయి ఆమె చెయ్యి పట్టుకుని వెనక్కి లాగాను.

కోతి సమ్మమ్మను కాపాడిందని నేను అనడం లేదు. అది తనవాళ్ల కోసం నేర్చుకున్న అరుపు. ఏది కదిలినా అరుస్తుంది. కాని అరిచింది. దాని చేతిలో ఉన్న పని అది చేసింది.

“ఏందక్కా, గట్ల గుంజితివి?” అంది సమ్మమ్మ.

నిజం నా నాలుక మీదే ఉంది. ఒక్క మాట. నేను ఏమన్నానో తెలుసా? “పాము పిల్లా, గడ్డిల పాము పోయింది,” అన్నాను.

“అయ్యో నా తల్లీ, నిన్ను దేవుడే పంపిండు,” అని సమ్మమ్మ నా చేతులు కళ్లకద్దుకుంది. గంప నెత్తిన పెట్టుకుని వెళ్లిపోయింది. పాపపుణ్యాలు తెలిసిన నేను అక్కడే నిలబడ్డాను. చెట్టు మీది దానికి ఇంకా పెళ్ల దెబ్బ నొప్పి పోలేదు, చెయ్యి నాక్కుంటోంది.

ఆ మీద నాలుగు రోజులు నాకు అన్నం సహించలేదు. దినాలు మాత్రం దగ్గరపడ్డాయి.

కోతికి దినాలు చెయ్యాలన్న ఆలోచన వెంకట్రాజందే. పదకొండో రోజు సరిగ్గా ప్రచారానికి ఆఖరి రోజున పడింది. ఓటర్లకు విందు పెడితే అధికారులు పట్టుకుంటారు. చచ్చినవాళ్లకు దినాలు చేస్తే ఎవరేం అంటారు? ఒక్క కోతి చావుతో ఊరంతటికీ భోజనం, పైగా కేసు లేదు. ఈ ఉపాయం ఏ జంతువుకైనా తడుతుందా? ఇందుకే మనిషి గొప్పవాడు.

ఆ పొద్దున అందరూ వంటల దగ్గర ఉన్నప్పుడు నేను గడ్డపార తీసుకుని చేనుకు పోయాను. నాలుగు దెబ్బలకు స్టార్టర్ డబ్బా తాళం ఊడింది. ఫ్యూజులు పీకి కాలువలో వేశాను. తీగ మొత్తం కర్రల మీది నుంచి విప్పి చుట్ట చుట్టాను. అరచేతులు తెగాయి. పని అయ్యేసరికి సూర్యుడు నడినెత్తికి వచ్చాడు. అప్పుడు గుడి దగ్గరికి పోయాను.

పందిరి కింద దండ వేసిన ఫొటో, దాని ముందర ఆకులో పులిహోర, పాయసం. వరుసల్లో జనం. గుడి గోడ మీదికి వాసనకు మంద దిగింది. ముందర ఒక తల్లి, పొట్టకు కరుచుకున్న పిల్ల. నలుగురు కర్రలు పట్టుకుని లేచారు.

“అరే, దినాలు ఖరాబ్ జేస్తాన్నయ్! కొట్టున్రి!”

“పిల్ల తల్లిరా అది.”

“పిల్ల తల్లయితేంది? పాయసంల చెయ్యి పెట్టింది సూడు!”

రాయి తగిలి అది గోడ అవతలికి పడింది. జనం కూర్చుని, పోయిన ఆత్మకు శాంతి కలగాలని కళ్లు మూసుకున్నారు.

వెంకట్రాజం నన్ను చూశాడు. “మల్లక్కా, దా. అభ్యర్థి తల్లివి. రెండు ముక్కలు చెప్పు,” అని మైకు నా చేతికిచ్చాడు. హరికృష్ణ వడ్డన గరిటె పట్టుకుని నా దిక్కు చూసి నవ్వాడు. నా అరచేతుల్లో నెత్తురు చూశాక ఆ నవ్వు పోయింది.

చెప్పడానికి ఎక్కువ లేదు. “ఈ పిల్ల కరెంటు స్తంభం కాడ సావలే,” అన్నాను. “మా చేన్ల సచ్చింది. నా కొడుకు తీగ కట్టి కరెంటు పెట్టిండు. సంచిల తెచ్చి స్తంభం కింద పెట్టిండు. పది రోజుల సంది నాకు తెలుసు. సమ్మమ్మ గూడ సచ్చేదే, జరల తప్పింది. పామని అబద్ధమాడిన. ఇయ్యాల తీగ తీసేసిన.”

మైకు కిందపెట్టాను. నా కొడుకును నా నోటితోనే ముంచేశానని, ఇక ఈ ఊళ్లో మేం తల ఎత్తలేమని అనుకున్నాను. ఊరు లేస్తుందని ఎదురుచూశాను. మధు లేస్తాడని, ఇంత మంచి అవకాశం వదలడని ఎదురుచూశాను.

మధు విస్తరి చూసుకుంటూ పులిహోర కలుపుకున్నాడు.

ఎవరో దగ్గారు. వెనక వరుసలో ఒకాయన, “పాయసం సల్లగైతాంది, వడ్డియ్యున్రి,” అన్నాడు. ఇంకొకాయన లేచి హరికృష్ణ పక్కకు పోయి మెల్లగా అడగడం నాకు వినబడింది: “సింగిల్ ఫేజుకే పెట్టినవా? గంతకే పంది సస్తదా?”

వెంకట్రాజం మైకు అందుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు. “చూసిన్రా! మనిషికి, జంతువుకు తేడా ఇదే. తప్పు చేస్తే ఒప్పుకునే గుణం, పశ్చాత్తాపం, మనిషి ఒక్కనికే ఇచ్చిండు దేవుడు. మల్లక్కకు చప్పట్లు కొట్టున్రి.”

కొట్టారు. విస్తళ్ల ముందు కూర్చుని, పులిహోర అంటిన చేతులతోనే కొట్టారు.

నా కొడుక్కి ధైర్యం అప్పుడు వచ్చింది. సాయంత్రం ప్రచారం ముగిసేలోపు మైకు కట్టిన ఆటో ఊరంతా తిరిగింది: “ఉన్నదున్నట్టు చెప్పే తల్లి కొడుకు, మీ హరికృష్ణ.” మూడో రోజు ఓట్లు లెక్కపెట్టారు. మంచి మెజారిటీతోనే గెలిచాడు. రంగులు పూసుకుని ఇంటికి వచ్చి నా కాళ్లకు మొక్కబోయాడు. నేను కాళ్లు వెనక్కి తీసుకున్నాను.

“ఏమైందే అవ్వా? అంత మంచిగనే అయింది గదా,” అన్నాడు.

వాడికి నిజంగా అర్థం కాలేదు. మర్నాటి నుంచి నేను వెనక అర్రలో నా పొయ్యి వేరు పెట్టుకున్నాను. కోడలు రెండు రోజులు ఏడ్చింది. మూడో రోజు ఆ అర్రకు గ్యాసు స్టవ్ పంపింది. కొడుకు మాత్రం వచ్చినవాళ్లకు, మా అవ్వకు భక్తి ఎక్కువైంది, మడి కట్టుకుంటాంది అని చెబుతున్నాడు.

మక్క కోసేముందు ఒకనాడు నేను చేనుకు పోతున్నాను. మా చేనుకు దగ్గరి దారి సమ్మమ్మ వాళ్ల చేను గట్టు మీదుగా. నలభై ఏళ్లుగా నేను అట్లాగే పోతాను. గట్టు మొదట్లో సమ్మమ్మ గడ్డిమోపు మీద కూర్చుని ఉంది. నన్ను చూసి లేచి దారికి అడ్డం నిలబడింది.

“ఇటు పోకక్కా,” అంది.

“ఎందుకే?”

ఆమె కొడవలి కొసతో మట్టి గీకింది. “మా ఇంటాయన గూడ కట్టిండు. నీ లెక్కనే. మోటరు డబ్బకు.”

“ఎప్పుడు?”

“దీపావళి కాడ.”

మా హరికృష్ణ కట్టకముందే. అప్పటి నుంచి రెండు నెలలుగా నేను పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఈ గట్టు మీదుగానే పోయాను. పోయిన ప్రతిసారీ ఆమె నన్ను చూసింది. “ఏమక్కా, మంచిదేనా?” అని పలకరించింది కూడా.

“మరి నాకు చెప్పకపోతివి సమ్మమ్మా?”

“చెప్దామనుకున్న. ఆయన సంపుతనన్నడు.” ఆమె గొంతులో కోపం లేదు, సిగ్గు లేదు. మోపు ఎత్తమన్నట్టు నా దిక్కు చూసింది. “నువ్వు పది రోజులు ఆగినవ్, నేను రెండు నెలలు ఆగిన. గంతే గదక్కా తేడా?”

మోపు ఎత్తి ఆమె నెత్తిన పెట్టాను. వెళ్లిపోయింది.

అప్పటి నుంచి నేను డాంబర్ రోడ్డు మీదుగా చుట్టూ తిరిగి చేనుకు పోతున్నాను. ఈ మధ్య ఆ రోడ్డు మీద చాలామంది నడుస్తున్నారు. గట్ల మీద నడిచేవాళ్లు కనబడటం లేదు. వెంకట్రాజం ఎదురొస్తాడు, మధు ఎదురొస్తాడు. ఒకరినొకరు ఎందుకు ఇంత చుట్టు అని అడిగితే, షుగర్ ఉంది, డాక్టర్ నడువుమన్నడు అంటారు.

నన్ను అడిగితే నేనూ అదే చెబుతున్నాను.